బాయి పని, కథ పని: బొగ్గు బెల్టు కథకు నేర్పు ఎక్కడ దొరుకుతుంది?

బొగ్గు గనుల ప్రాంతం నుంచి ఎవరైనా కథ రాస్తున్నారంటే చాలు, "మీకేం తక్కువ, చుట్టూ అన్నీ కథలే గదా" అంటారు. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం, ఇట్లా సింగరేణి విస్తరించిన ఊళ్లలో రాసేవాళ్లందరూ ఈ మాట విన్నవాళ్లే. అభిమానంతో అనే మాటే అయినా అది రాసేవాళ్లకు కొంత కీడు చేసింది. చుట్టూ ఉన్నవి సంఘటనలు: ప్రమాదాలు, సమ్మెలు, కాల్పులు, ఊళ్లు ఖాళీ చేయించడాలు. సంఘటన బలమైనదైతే కథ దానంతట అదే బలంగా వస్తుందన్న నమ్మకం ఇక్కడ చాలాకాలం నిలిచింది. ఆ నమ్మకంతో రాసిన కథలు అచ్చయిన ఏడాది మనల్ని కదిలించాయి. పదేళ్ల తర్వాత మళ్లీ తీసి చదివితే వాటిలో చాలా వాటికి ఆ బలం లేదు. కాలం చెల్లని కథలు మాత్రం కొన్ని ఉన్నాయి. ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది, ఆ నేర్పు ఎట్లా అలవడుతుంది అన్నది ఈ వ్యాసంలో చూడదలచుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు తెలుగులో ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలు నాలుగు రకాలు. అనుభవం ఉంటే చాలనేవాళ్లు, దృక్పథం సరిగా ఉంటే శిల్పం దాని వెంట వస్తుందనేవాళ్లు, శిల్పం నేర్చుకోవాల్సిన విద్య అనేవాళ్లు, గొప్ప కథలు చదవడమే బడి అనేవాళ్లు. నలుగురి మాటలోనూ నిజం ఉంది. అయితే గనిని ఎదురుగా పెట్టుకొని చూస్తే వీటికి తోడు ఇంకొకటి కావాలనిపిస్తుంది: పని తెలిసి ఉండడం. గనిలో ఎనిమిది గంటలు మనిషి చేతులు ఏం చేస్తాయో, చెవులు ఏం వింటాయో తెలిసి, ఆ తెలివిడిని వాక్యంలోకి తేగలిగిన చోట మన కథ నిలబడింది. అది లేని చోట జాలి మిగిలింది, నినాదం మిగిలింది.

ముందు ఈ నేల సంగతి కొంత చెప్పుకోవాలి. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. 1889లో అక్కడే తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి దక్షిణపు ఒడ్డున రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకున్నది ఇంకా ఆలస్యంగా, 1960ల తొలినాళ్లలో. అంటే గోదావరిఖని ఒక్క తరంలో లేచిన పట్నం. మొదట వచ్చినవాళ్లలో ఎవరికీ తాతల నాటి ఇల్లు అక్కడ లేదు. కరీంనగర్ పల్లెల నుంచి కొందరు, వరంగల్, ఖమ్మం నుంచి కొందరు, కోస్తా నుంచి, ఉత్తర భారతం నుంచి ఇంకొందరు వచ్చి క్వార్టర్లలో, గుడిసెల్లో పక్కపక్కన బతికారు. పల్లె కథకుడికి కులం, వాడ, పండుగ, పగ అన్నీ ముందే అమరి ఉంటాయి. ఖని కథకుడు ఆ సంబంధాలను మొదటి నుంచీ అల్లుకోవాలి. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఎట్లా తెలుసో చెప్పడానికే అతనికి ఒక పేజీ ఖర్చవుతుంది. నవల ఇక్కడ తొందరగా కుదురుకోవడానికీ, కథానిక ఇబ్బంది పడడానికీ ఇదొక కారణమని నా అభిప్రాయం.

మంథని దగ్గరి గాజులపల్లి నుంచి వచ్చిన అల్లం రాజయ్య రైతాంగ పోరాటాల మీద 'కొలిమంటుకున్నది', గని కార్మికుల మీద 'అగ్నికణం' రాశారు. పల్లెనూ గనినీ ఒకే చూపుతో చూడగలగడం ఆయన బలం. గోదావరిఖనిలో ఉండి రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి 'పనిపిల్ల', 'చావు విందు' వంటి కథలతో తెలుగు కథా చర్చల్లో నిలిచారు. సింగరేణి కార్మికోద్యమ చరిత్రను నవలగా మలిచే పని పి.చంద్ చేశారు. తొలితరం కార్మిక నాయకుడు శేషగిరి పేరుతోనే ఆయన నవల ఉంది. ఈ ముగ్గురి మధ్య చాలా తేడాలున్నాయి. కాని ముగ్గురూ ఒక శిల్ప సమస్యను ఎదుర్కోక తప్పలేదు: గుంపును కథలోకి తేవడం ఎట్లా?

తెలుగు కథ ఎక్కువగా ఒకరిద్దరి మనసుల చుట్టూ పెరిగింది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' ఒక ఇంట్లో జరిగే కథ. గని కథ ఇంట్లో ఇమడదు. 1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే కొత్త నిబంధన మీద కార్మికుల్లో రగిలిన కోపం దాని వెనుక ఉంది. సింగరేణి కార్మిక సమాఖ్య ఆ కాలంలోనే పుట్టింది. అట్లాంటి ఘట్టాన్ని ఒక్క నాయకుడి కళ్లతో చెబితే అది జీవితచరిత్ర అయిపోతుంది. అందరి తరఫున రచయితే మాట్లాడితే కరపత్రం అవుతుంది. మనుషులు ఒకరి తర్వాత ఒకరు మాట అందుకుంటూ గుంపే ఒక పాత్రగా కదిలే పద్ధతి వీటికి మధ్యలో ఉంది. మన బొగ్గు బెల్టు నవలలు ఆ పద్ధతిని పట్టుకున్న పేజీల్లో తెలుగు నవలకు నిజంగా కొత్త సంగతి ఇచ్చాయి. పట్టు జారిన పేజీల్లో ప్రతి మనిషీ ఒకే గొంతుతో, ఒకే ఉపన్యాసం ఇస్తాడు.

ఈ ఉపన్యాసం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. ఇక్కడ కథకంటే ముందు పాట ఉంది. గేటు మీటింగులో, బస్తీలో, సమ్మె శిబిరంలో పాట వేల మందికి ఒక్కసారే చేరింది. దాని ముందు కథ ఎప్పుడూ చిన్నబోయింది. అందుకే కథ రాసేవాళ్లు తెలియకుండానే పాట నడకను అరువు తెచ్చుకున్నారు: కష్టం చెప్పు, శత్రువును చూపించు, చివర పిలుపు ఇవ్వు. పాటలో ఆ పిలుపును జనం పల్లవిగా అందుకుంటారు కనుక అది నిండుగా వినిపిస్తుంది. ఒక్కడే కూర్చొని చదువుకునే కథలో దాన్ని అందుకునేవాళ్లు ఉండరు. చివరి పేరాలో పిడికిలి బిగించిన కథల జాబితా వేస్తే చాలా పొడుగవుతుంది. వాటిలో చాలావాటికి ఆ పేరా తీసేస్తే మేలు జరుగుతుంది. అంతకు ముందు పేరాలో నైట్ షిఫ్టు దిగి వచ్చినవాడు నీళ్లు పోసుకుంటుంటాడు, భార్య వీపు రుద్దుతూ ఒక మాట అంటుంది. కథ అక్కడికే అయిపోయి ఉంటుంది.

శిల్పం నేర్పే పుస్తకాలు మనకు తక్కువేమీ కాదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. కథను విడదీసి, ఏ భాగం ఏం చేస్తుందో ఓపికగా చూపించే పుస్తకం అది. కాళీపట్నం రామారావు వ్యాసాలు ఇంకో దారివి. 'యజ్ఞం' రాసిన మనిషి తోటి రచయితతో మాట్లాడినట్టుగా ఉంటాయి. శ్రీకాకుళంలో 1997లో ఆయన నిలబెట్టిన కథానిలయం కూడా నా లెక్కలో శిల్పం నేర్పే చోటే, ఎందుకంటే పాత పత్రికల్లో పడి ఉన్న కథలను పక్కపక్కన పెట్టి చదివే వీలు అక్కడ ఉంది. మన పొరుగున జగిత్యాలకు చెందిన బి.ఎస్. రాములు 'కథల బడి' పేరుతో పుస్తకమే తెచ్చారు, శిబిరాలూ నడిపారు. కథ అందరూ నేర్చుకోగలిగిన విద్య అని ఆయన పట్టుదలగా చెప్పడం, మొదటితరం చదువుకున్న పిల్లలకు ఎంత ధైర్యమిచ్చిందో ఈ ప్రాంతంలో రాసేవాళ్లకు తెలుసు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'కథలు ఇలా కూడా రాస్తారు' వయసులో చిన్నవాళ్లకు సులభంగా అందే పుస్తకం.

వీటన్నిటినీ చదవాలనే చెబుతాను. వీటిలో లేని ఒక సంగతి మాత్రం గని కథకు అవసరం. పాత్ర చిత్రణ, కథనం, దృష్టికోణం, ముగింపు గురించి ఇవి చెబుతాయి. పనిని ఎట్లా రాయాలో దాదాపుగా చెప్పవు. అది వాటి తప్పు అనలేను. మన సాహిత్యంలో మనిషి పని చేస్తుండగా కనపడడమే అరుదు. గుమాస్తా ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాకే కథ మొదలవుతుంది. రైతు పొలం గట్టు మీద కూర్చుంటే మొదలవుతుంది. గని కార్మికుడు కూడా బాయి నుంచి పైకి వచ్చాకే కథలోకి అడుగు పెడుతున్నాడు. దిగిన తర్వాత ఏం జరిగిందన్నది "చీకటి సొరంగంలో ప్రాణాలకు తెగించి" అన్న ఒక్క ముక్కతో తేలిపోతుంది. ఎనిమిది గంటల జీవితం ఆ ముక్క కింద పూడిపోతుంది.

ఆ ఎనిమిది గంటల్లో ఏముందో కాస్త నిదానంగా చూద్దాం. మన భూగర్భ గనుల్లో చాలా చోట్ల ముందు గ్యాలరీలు తవ్వుకుంటూ పోయి మధ్యలో పెద్ద పెద్ద బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తీస్తారు. తీసిన చోట కప్పును కూలనిస్తారు. కూలిన ఆ భాగమే గోఫు. పనికి ముందు సర్దారు కర్రతో కప్పును తట్టి వింటాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది, విడిపోతున్న కప్పు డొల్లగా మోగుతుంది. ఆ రెండు చప్పుళ్ల తేడా మీద పది మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. కప్పుకు ఊతంగా నిలబెట్టే ఇనుప దిమ్మెకంటే కట్టె దిమ్మెను పాతతరం వాళ్లు ఎక్కువగా నమ్మేవాళ్లు. బరువు పడితే కట్టె ముందుగా చిటపటమంటుంది, పారిపోయే వ్యవధి ఇస్తుంది. కప్పు కూలే చప్పుడు భయంకరంగా ఉంటుందని బయటివాళ్లం అనుకుంటాం. డీపిల్లరింగ్‌లో, అంటే స్తంభాలు తీసే పనిలో ఉన్నవాళ్లకు అంతకంటే ఎక్కువ భయం కూలాల్సిన కప్పు కూలకుండా వేలాడుతున్నప్పుడు. అది ఎంత వెడల్పు వేలాడితే, పడినప్పుడు గాలి అంత దెబ్బ కొడుతుంది.

ఇందులో కథకుడికి ఎంత దొరికిందో చూడండి. ఉత్కంఠ అంటే ఏదో జరగబోతున్నదన్న భయం అని మనం నేర్చుకున్నాం. ఇక్కడ జరగాల్సింది జరగకపోవడమే భయం. నిశ్శబ్దమే ప్రమాదం, చప్పుడు వస్తే నిమ్మళం. ఒక షిఫ్టు మొత్తం మనుషులు కప్పు కోసం చెవులు రిక్కించి, మధ్యలో బీడీల గురించి (లోపల కాల్చరాదు కనుక బయటికి పోయాక కాల్చబోయే బీడీల గురించి), బిడ్డ పెళ్లి గురించి మాట్లాడుకుంటుంటే, ఆ మాటలకు దానంతట అదే బరువు వస్తుంది. రచయిత ఎక్కడా "ప్రాణభయం" అన్న మాట వాడనక్కరలేదు. చీకట్లో ముఖాలు కనపడవు, టోపీ లైటు పడ్డ చోటు మాత్రమే కనపడుతుంది. కనుక వర్ణనంతా చెవికీ ముక్కుకూ చర్మానికీ సంబంధించి ఉండాలి. ఎదుటివాడు తల తిప్పితే వెలుగు పోతుంది. ఒకడు ఇంకొకడి ముఖం మీద లైటు వేస్తే అదొక మాట కింద లెక్క. ఈ వివరాలు అలంకారాలు కావు. కథ నడవడానికి పట్టాలు ఇవే.

అనుభవం ఉంటే చాలు అనే వాదం ఇక్కడే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు కప్పు తట్టి విన్న సర్దారుకు ఆ తేడా చెవిలో ఉంటుంది. అది విశేషమని ఆయనకు తోచదు, ఎందుకంటే రోజూ చేసే పని అది. ఆయన కథ రాయబోతే తన రోజులో లేని సంగతిని, అంటే ప్రమాదాన్ని, ఎంచుకుంటాడు. అనుభవాన్ని బయటివాడిలా చూడగలగడం విడిగా నేర్చుకోవాల్సిన పని. దానికి సాయపడేవి చిన్న సాధనలే. పైకి వచ్చాక ఆ రోజు విన్న చప్పుళ్లను మాత్రమే రాసుకోవడం. ఒక పనిముట్టును దాని పేరు చెప్పకుండా, చేతిలో దాని బరువుతో రాయడం. ఒకే గ్యాలరీని మొదటిరోజు కుర్రవాడి కళ్లతో ఒకసారి, రిటైరయ్యే రోజు పెద్దాయన కళ్లతో ఇంకోసారి రాయడం.

భాష దగ్గరకు వస్తే, గని మాటలు ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలగలిసి వచ్చినవి. బాయి, మస్టరు, నాగా, ముకద్దం, సర్దారు, బదిలీ ఫిల్లరు, తట్టా చెమ్మసు. వీటిని వాడితే హైదరాబాదు పాఠకుడికి అర్థం కాదని కొందరు మానేస్తారు, ఇంకొందరు వెంటనే అర్థం చెబుతారు. రెండూ అక్కర్లేదు. "ఇంకో నాగా అయితే బదిలీ కూడా పోతదని జరంతోనే డ్యూటీకి పోయిండు" అని రాస్తే నాగా అంటే ఏమిటో, బదిలీవాడి బతుకు ఏమిటో రెండూ తెలిసిపోతాయి. మాటకు పని అప్పగిస్తే అర్థం అదే చెప్పుకుంటుంది.

దీనికంటే పెద్ద చిక్కు, పాత్రలు తమ భాషలో మాట్లాడుతుంటే కథకుడు పుస్తకాల భాషలో వాళ్ల గురించి వివరించడం. చదివేవాళ్లకు తెలియకుండానే కథకుడు ఎత్తు మీద నిలబడతాడు, కార్మికుడు కింద ఉంటాడు. తెలంగాణ రచయితలు కథనంలోకి కూడా తమ భాషను తెచ్చి ఈ ఎత్తును చాలావరకు తగ్గించారు. అయితే ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. ప్రతి మాటనూ ఉచ్చారణ పట్టుకొని వంకర తిప్పి రాస్తే పాఠకుడు అక్షరాల దగ్గరే ఆగిపోతాడు. వాక్యం నడక, సామెత, పిలుపు ఇవి తెలంగాణవి అయితే చాలు. అదీకాక ఖనిలో అందరిదీ ఒకే యాస అనడం అబద్ధం. ఒకే ముఠాలో మంథని మనిషి, కొత్తగూడెం మనిషి, కోస్తా నుంచి వచ్చిన ఓవర్‌మన్, హిందీ మాట్లాడే ఉత్తరాది కార్మికుడు ఉంటారు. ఎవరు ఎవరితో ఏ భాషకు మారతాడో గమనించి రాసిన కథ నాకు ఇంకా గట్టిగా తగల్లేదు. ఆఫీసరు ముందు కోస్తా మాట, ఇంటికొచ్చి అవ్వతో తన మాట. ఒకే మనిషి నోట్లో ఆ మార్పు వస్తే, వర్గం గురించి పేజీలు రాయాల్సిన పని తప్పుతుంది.

చావు గురించి మాట్లాడకుండా గని కథ గురించి మాట్లాడలేం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరు 16న 8ఎ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. ఊరు ఊరంతా ఏడ్చిన రోజులవి. ఇట్లాంటి దుఃఖం ముందు శిల్పం గురించి మాట్లాడడం తప్పేమోనని రాసేవాళ్లకు అనిపిస్తుంది. అందుకే దుఃఖాన్ని ఉన్నదున్నట్టు దింపేస్తారు: సైరన్, పరుగెత్తే ఆడవాళ్లు, గుండెలు బాదుకోవడం, శవం, నష్టపరిహారం ప్రకటన. అవన్నీ నిజాలే, వార్తల్లో మనం చూసినవే. కథ ఆ వార్తకు ఏం చేర్చింది అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఇక్కడ ఇంగ్లండు గని పట్నం ఈస్ట్‌వుడ్ నుంచి వచ్చిన డి.హెచ్. లారెన్స్‌ను చదవమని చెబుతాను. ఆయన తండ్రి బొగ్గు గని కార్మికుడు. 'చేమంతుల వాసన' అని అర్థమొచ్చే పేరుతో 1911లో ఆయన అచ్చేసిన కథలో ఒక ఇల్లాలు సాయంత్రం నుంచి భర్త కోసం ఎదురుచూస్తుంటుంది. తాగడానికి పోయాడని ఆమె అనుమానం. రాను రాను కోపం పెరుగుతుంది. ఆ కోపం మధ్యలోనే అతను గనిలో ఊపిరాడక చనిపోయాడని తెలుస్తుంది. శవాన్ని ఇంటికి తెస్తారు. ఒంటి మీద గాయం లేదు. అత్తా కోడలూ కలిసి కడుగుతారు. ఆ కడిగేటప్పుడు ఆమెకు కలిగే ఎరుక మీద కథ నిలబడింది: ఇన్నేళ్లు కాపురం చేసిన ఈ మనిషిని నేను ఎన్నడూ ఎరగలేదు. ఈ ముగింపును లారెన్స్ ఒక్కసారిలో రాయలేదు. 1911 తర్వాత కూడా తిరగరాసి 1914లో తన పుస్తకంలో వేసుకున్నాడు. మొదటి రూపాల్లో ఎక్కువగా జాలి ఉంది, చివరి దానిలో ఆమె తన మీద తాను తీర్పు చెప్పుకోవడం ఉంది. చావు సంఘటన అన్ని రూపాల్లోనూ ఒక్కటే, మారింది చివరి రెండు మూడు పేజీలు. శిల్పం ఎక్కడ పని చేస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. ఆ కథలో సగం దాకా మనం ఆమె కోపం పక్షాన ఉంటాం. అందుకే చావు మనల్ని కూడా దోషుల్ని చేస్తుంది. మన కథల్లో ఎదురుచూసే భార్య మొదటి వాక్యం నుంచే దిగులుగా ఉంటుంది. ఆమెకు కోపం వచ్చే హక్కు మనం ఇవ్వలేదు.

ఫ్రెంచి రచయిత జోలా దారి వేరు. ఆయనకు గనులతో పుట్టుసంబంధం లేదు. 1884లో ఆంజాఁ గనుల్లో సమ్మె జరుగుతుండగా అక్కడికి పోయి, ఇళ్లు చూసి, గనిలోకి దిగి, నోట్సు రాసుకుని 'జెర్మినాల్' రాశాడు. ఆ సమ్మె కూడా 56 రోజులే సాగింది. బయటివాడు కనుక పాఠకుడికి ఏది తెలియదో ఆయనకు తెలుసు. అందుకే నవలను ఊరికి కొత్తగా వచ్చిన నిరుద్యోగితో మొదలుపెట్టాడు. అతను నేర్చుకుంటుంటే మనమూ నేర్చుకుంటాం. మన భాషల్లో చూస్తే బెంగాలీలో శైలజానంద ముఖోపాధ్యాయ 1920లలోనే రాణిగంజ్ బొగ్గు ప్రాంతపు మనుషులను కథల్లోకి తెచ్చాడు. హిందీలో సంజీవ్ 1986లో 'సావధాన్! నీచే ఆగ్ హై' రాశాడు. మన కథకులు వీళ్లతో తమ పనిని పోల్చి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. గోదావరిఖని కథను హైదరాబాదు కథతో పోల్చడం కంటే రాణిగంజ్ కథతో పోలిస్తే తెలిసేది ఎక్కువ.

జోలాకు దొరకని ఒక పాత్ర మనకు సిద్ధంగా ఉంది: తండ్రి ఉద్యోగంలో చేరిన కొడుకు. బాయి మాటలన్నీ చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగినవాడు, చీకటిని మాత్రం మొదటిసారి చూస్తాడు. మాట తెలిసి వస్తువు తెలియని మనిషి అతను. దీని వెనుక ఉన్న నిబంధనలో నవలకు సరిపోయే సంఘర్షణ కూడా ఉంది. కార్మికుడు జబ్బుతో పనికి పనికిరాడని వైద్యులు తేలిస్తే కొడుకుకు ఉద్యోగం వస్తుంది. వారసత్వ ఉద్యోగాలు కొన్నేళ్లు ఆగిపోవడం, మళ్లీ వేరే రూపంలో మొదలవడం ఇక్కడి ఇళ్లలో పెళ్లిళ్లనూ పంపకాలనూ కూడా నిర్ణయించింది. తన ఒంట్లో శక్తి లేదని రుజువైతే సంతోషించాల్సిన తండ్రి, అన్నదమ్ముల్లో ఎవరికన్న తగాదా, పేరు రాయించుకున్న అల్లుడు, నోరు మెదపలేని తల్లి, వీళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. కథ రాసే నేర్పులో ఒక పెద్ద భాగం ఇట్లాంటి చోటును గుర్తుపట్టడమే: మంచివాళ్ల మధ్యనే, ఒక నిబంధన వల్ల, ముడి పడే చోటు. విలన్‌గా దొరను వెతికే అలవాటు వల్ల మనం ఈ ముడిని చాలాసార్లు దాటిపోయాం.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 1952 గనుల చట్టం ఆడవాళ్లు భూగర్భంలో పని చెయ్యకుండా ఆపింది. 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచింది. కథలో మాత్రం ఆ తలుపు ఇంకా మూసే ఉంది. క్వార్టరు లోపలి జీవితం, మూడు షిఫ్టుల ప్రకారం మారే నిద్రలు, వంటలు, పిల్లల చదువులు, నైట్ షిఫ్టు మనిషి పగటి నిద్ర కోసం ఇల్లంతా గుసగుసగా మాట్లాడుకోవడం ఇవి ఆడవాళ్లు రాస్తేనే సరిగా వస్తాయి. వాళ్లు రాయడానికి కావాల్సిన సాయంత్రాలను మన సాహిత్య సంఘాలు ఇంకా ఇవ్వలేదు. సభలు రాత్రి పూట మగవాళ్ల వీలును బట్టే జరుగుతున్నాయి.

పని మారింది కనుక కథ కూడా మారాలి. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు మాత్రం ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నులు వస్తున్నది, అందులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి. తట్టా చెమ్మసుతో బొగ్గు నింపిన ఫిల్లర్ల తరం వెళ్లిపోయింది. బాయిలో ముఠా ఉండేది, మాట ఉండేది. డంపరు క్యాబిన్‌లో ఒక్కడే ఉంటాడు, ఎనిమిది గంటలు అదే దారిలో పైకీ కిందికీ తిరుగుతాడు. అతనితో పాటు అదే గుంతలో చాలా తక్కువ జీతానికి కాంట్రాక్టు కార్మికుడు ఉంటాడు. గుంత అంచున బ్లాస్టింగుకు గోడలు పగిలిన ఊరు ఉంటుంది. గుంపును రాయడానికి ఎనభైల తరం కష్టపడి కనిపెట్టిన పద్ధతి ఒంటరి ఆపరేటరుకు సరిపోదు. సంభాషణతో నడిచే కథ ఇక్కడ కుదరదు. మనిషి తనతో తాను మాట్లాడుకోవడం, యంత్రపు అద్దంలోంచి కనపడే తన పాత ఊరి జాగా, ఫోనులో అటువైపు మాత్రమే వినిపించే ఇంటి గొంతు, వీటితోనే కథ కట్టాల్సి ఉంటుంది. 2023లో వచ్చిన 'దసరా' సినిమా ఈ ప్రాంతపు బూడిదను, యాసను తెర మీదికి తెచ్చి దేశమంతా చూపించింది. సినిమాకు చేతగాని ఈ లోపలి మాటను పట్టుకోవడం కథకు వీలైన పని.

ఇక నేర్చుకునే పద్ధతి. మన శిబిరాల్లో ఉపన్యాసాలు ఎక్కువ, చిత్తుప్రతులు తక్కువ. సామాజిక నేపథ్యం, ప్రపంచీకరణ, అస్తిత్వం గురించి రెండు రోజులు వింటాం. ఒక కథను బల్ల మీద పెట్టి, ఈ వాక్యం ఎందుకు, ఈ పాత్ర ఇక్కడ ఎందుకు నోరు విప్పింది అని అడిగే గంట మాత్రం దొరకదు. విమర్శ అంటే వస్తువును మెచ్చుకోవడమో తిట్టడమో అయింది. ఖనిలో కథలు రాసే నలుగురైదుగురు కలిస్తే, నెలకు ఒకే ఒక్క చిత్తుప్రతి తీసుకొని, రాసినవాళ్లు నోరు మెదపకుండా వింటుండగా, మిగతావాళ్లు వాక్యం వాక్యం చదవాలి. అదే చిత్తుప్రతిని ఇద్దరు బయటి మనుషులకు కూడా వినిపించాలి. ఒకరు రిటైరైన సర్దారో ఓవర్‌మనో కావాలి. దిమ్మె ఎక్కడ నిలబెడతారో, షాట్ పేల్చాక ఎంతసేపటికి లోపలికి పోతారో ఆయన తప్పు పట్టుకుంటాడు. రెండోవారు బొగ్గు ముఖం ఎన్నడూ చూడనివారు కావాలి, కోనసీమలో టీచరైనా సరే, తిరుపతిలో విద్యార్థి అయినా సరే. వారు ఏ పేజీలో ఆగి మళ్లీ వెనక్కి చూశారో అడిగి రాసుకోవాలి. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితే ఆ పేరా మొత్తం తీసి మళ్లీ రాయాలి. సర్దారు ఒప్పుకొని టీచరు ఆగిపోతే మాటకు పని అప్పగించలేదని అర్థం. టీచరు కళ్లనీళ్లు పెట్టుకొని సర్దారు తల అడ్డంగా ఊపితే, సర్దారు పక్కన కూర్చొని ఆ పని మళ్లీ మొదటి నుంచి చెప్పించుకోవాలి.